దీపం బొమ్మ వెనకుండాలి

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళకు ఎప్పుడు వెళ్లినా ఒకటే హడావుడి. అప్పటిదాకా గదులన్నీ తిరిగి కాళ్లు లాగుతున్నవాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు, బడి యూనిఫాంలో వరసగా వచ్చినవాళ్లు అంతా ఆ పెద్ద గడియారం ముందు చేరతారు. గంట కాగానే చిన్న తలుపు తెరుచుకుంటుంది. గడ్డం బొమ్మ ఒకటి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. అంతే! ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పం ముందు కూడా జనం ఆగుతారు గానీ, చోటు కోసం తోసుకునేది మాత్రం గడియారం దగ్గరే. మ్యూజియంలో కదిలే వస్తువుకి ఎంత గిరాకీ ఉంటుందో హైదరాబాదు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

కదలడానికే పుట్టిన మన తోలుబొమ్మను మాత్రం ప్రదర్శనశాలల్లో అద్దం వెనక బిగించి పెడతారు. పైగా ఆటలో బొమ్మ వెనక ఉండే దీపాన్ని ఇక్కడ ముందునుంచి వేస్తారు. అలా చూస్తే అది గోధుమరంగు తోలుముక్క. సీతమ్మవారు కూడా మాసిన కాగితంలా కనిపిస్తుంది. చూసేవాళ్లు పేరు చదువుకుని, “పాతకాలంలో ఇలా ఆడేవారన్నమాట” అనుకుని పక్కకు జరుగుతారు. తప్పు వాళ్లది కాదు. బొమ్మలో సగాన్నే చూపించాక ఎవరు మాత్రం నిలబడతారు?

మార్చి నెలలో ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. 21వ తేదీ ప్రపంచ బొమ్మలాట దినోత్సవం. అంతర్జాతీయ బొమ్మలాట సంఘం యూనిమా దీన్ని 2003 నుంచి జరుపుతోంది. 27న ప్రపంచ రంగస్థల దినోత్సవం, అది 1962 నుంచీ ఉంది. శ్రీరామనవమి కూడా మార్చి చివర్లోనో ఏప్రిల్‌లోనో వస్తుంది. నాటకాల వాళ్లు, మ్యూజియం వాళ్లు, రామాయణం వాళ్లు ముగ్గురూ తీరిక చేసుకునే రోజులివి. ఆ ముగ్గురికీ పనికొచ్చే కళ తోలుబొమ్మలాట. దాని పనితనం ఎక్కడుందో తెలిస్తే దాన్ని ఎలా చూపాలో కూడా తెలుస్తుంది.

మొదట తోలు సంగతి. చెప్పులకు వాడే తోలులా దీన్ని పదును చెయ్యరు. పదును చేస్తే మెత్తబడుతుంది గానీ వెలుతురు దాటదు. మేకతోలును నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలూ లోపలి కొవ్వూ గీకేసి, చట్రం మీద మేకులతో లాగి బిగించి ఎండబెడతారు. ఎండిన తోలు బిర్రుగా, పలచగా, కొంచెం పచ్చగా తయారవుతుంది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అవతలి చెయ్యి నీడ కనిపిస్తుంది. వెనకటి రోజుల్లో దేవతలకు, వీరులకు జింకతోలు వాడేవారు. భీముడికీ రావణుడికీ చుక్కలజింక తోలు, మిగతావాళ్లకు మేకతోలు. దెబ్బలాటలో నలిగే పాత్రలకు గట్టితోలు కావాలి మరి! పది తలలూ ఇరవై చేతుల రావణుడికి ఒక్క తోలు చాలదు, నాలుగు పట్టేవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింకతోలు పోయింది. ఇప్పుడు రాముడైనా రాక్షసుడైనా మేకతోలే.

ఎండిన తోలు మీద ముందు నల్లగీత గీస్తారు. తర్వాత ఉలి, సుత్తి తీసుకుని చిల్లులు కొడతారు. ఈ పనిలో ఉన్నంత ఓపిక, నైపుణ్యం మరెక్కడా లేవనిపిస్తుంది. కిరీటం, భుజకీర్తులు, వడ్డాణం, చీర అంచు అన్నీ చిల్లులే. గుండ్రటివి, కోలగా ఉండేవి, చుక్కల్లాంటివి. ఎందుకన్ని? తెర మీద తెలుపు తెప్పించే రంగు లేదు గనక. తెల్లరంగు పూస్తే అది వెలుతురును ఆపి నల్లగా పడుతుంది. కాబట్టి ముత్యం కావాలంటే చిల్లు కొట్టాల్సిందే. అందులోంచి నేరుగా వచ్చిన దీపకాంతే ముత్యమై మెరుస్తుంది. బొమ్మ కదిలినప్పుడల్లా ఆ చుక్కలు మినుకుమంటాయి. అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు ఇవే చిల్లులు వెనక గోడ రంగులో కలిసిపోయి ఏదో పురుగు కొట్టినట్టు ఉంటాయి.

రంగులు రెండు వైపులా వేస్తారు. బొమ్మను ఎటు తిప్పినా ఎరుపు ఎరుపుగానే, పచ్చ పచ్చగానే దాటాలి. ఒకప్పుడు చెట్ల నుంచీ మసి నుంచీ తీసిన రంగులు వాడేవారు, ఇప్పుడు సీసాల్లో దొరికే ద్రవాలు. దేశంలో ఈ నీడలాటలు ఆరు రాష్ట్రాల్లో ఉన్నాయి గానీ, అన్నిటికీ ఇన్ని రంగులుండవు. ఒడిశా రావణఛాయ బొమ్మలకు కీళ్లూ ఉండవు, రంగులూ ఉండవు. నల్లటి నీడతోనే కథంతా నడుపుతారు. దానిదో అందం. మన బొమ్మలు మనిషెత్తుకు దగ్గరగా ఉంటాయి, ఒళ్లంతా రంగులు. నీడ అనే మాట వీటికి సరిపోదు. తెర మీద పడేది రంగు వెలుగే.

ఇక కీళ్లు. మెడ, భుజాలు, మోచేతులు, మోకాళ్లు వేరువేరు ముక్కలుగా కోసి, దారంతో ముడివేసి వదులుగా తగిలిస్తారు. వెదురుబద్దను నిలువునా చీల్చి బొమ్మను మధ్యలో ఇరికించి కడతారు, అదే దాని వెన్నెముక. చేతులకు వేరే పుల్లలు. ఆడించేవాడు ఒక చేత్తో నడిబద్ద పట్టుకుని, రెండో చేత్తో బొమ్మ చేతుల పుల్లలు తిప్పుతాడు. మరి కాళ్లు? కాళ్లకు పుల్లలుండవు, ఊరికే వేలాడతాయి. బద్దను కొంచెం కుదిపితే నడుస్తాయి, ఎగరేస్తే గెంతుతాయి. నర్తకి బొమ్మ నడుము తిప్పి మెడ విరిచి నాట్యమాడుతుంటే, ఇదంతా రెండు చేతుల పని అంటే నమ్మబుద్ధి కాదు. తెర మీద పాత్రలు ఎక్కువై చేతులు చాలనప్పుడు, సభలో కూర్చున్న బొమ్మల్ని ఈతముళ్లతో తెరకు గుచ్చేస్తారు. ధర్మరాజు జూదమంతా అలా ముళ్ల మీదే కూర్చుని ఆడతాడు!

తెరకూ బొమ్మకూ దీపానికీ మధ్య దూరాన్ని వాడుకోవడం మరో విద్య. తెరకు అదిమిపెడితే ప్రతి గీతా ప్రతి చిల్లూ స్పష్టంగా పడతాయి. కొంచెం వెనక్కి లాగితే అంచులు చెదురుతాయి, దీపం వైపు తెస్తే ఆకారం పెద్దదైపోయి తెరంతా కమ్మేస్తుంది. హనుమంతుడు సముద్రం మీదికి లంఘించేటప్పుడు, మాయావి రాక్షసుడు పెరిగిపోయేటప్పుడు ఇదే కిటుకు. యుద్ధంలో రెండు బొమ్మల్నీ ఒకేసారి తెరకేసి కొడతారు, వెంటనే వెనక్కి లాగుతారు. దెబ్బ తగిలినట్టు, మనుషులు మాయమైనట్టు ఉంటుంది. ఆముదం దీపాలున్న కాలంలో మంట అల్లాడినప్పుడల్లా బొమ్మ ఊపిరి తీసుకున్నట్టుండేది. పెట్రోమాక్సు వచ్చాక అది కొంత తగ్గింది, కరెంటు బల్బు వచ్చాక ఇంకొంత. ట్యూబులైటు మాత్రం దీనికి బద్ధశత్రువు. అది నిలకడగా, చల్లగా, నాలుగు వైపులా ఒకేలా వెలుగుతుంది. అందులో నీడ అంచు నిలవదు, ఎరుపు కూడా పాలిపోతుంది.

తెర వెనక చప్పుడు గురించి ఎక్కువమందికి తెలియదు. అక్కడ నేల మీద చెక్కపలకలు పరిచి ఉంటాయి. ఆడించేవాళ్ల కాళ్లకు గజ్జెలు. బొమ్మ నడిస్తే వీళ్లూ అడుగు వేస్తారు, బొమ్మ దూకితే వీళ్లు పలకల మీద ధన్‌మని తొక్కుతారు. మద్దెల, తాళాలు, హార్మోనియం పక్కనే. పాడేదీ మాట్లాడేదీ బొమ్మను పట్టుకున్నవాళ్లే. కాబట్టి రావణుడి కోపం గొంతులో, చేతిలో, కాలిలో ఒకేసారి వస్తుంది. ఆడవాళ్లు సీతకూ ద్రౌపదికీ గొంతిస్తారు, బొమ్మనూ ఆడిస్తారు. తెలుగు రంగస్థలం మీద స్త్రీ పాత్రకు మగవాళ్లే చీర కట్టుకున్న కాలంలో కూడా ఈ తెర వెనక ఆడగొంతు వినిపించింది. ఆ సంగతి మన నాటక చరిత్రకారులు ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది.

నాటకానికీ దీనికీ చుట్టరికం ఊహ కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజం మూలాలు తోలుబొమ్మలాడించే ఆరె మరాఠా కుటుంబాల్లోనే ఉన్నాయి. తీగల మీద దిగే నారదుడు, ఆకాశంలో ఢీకొనే బాణాలు, క్షణంలో మారే తెరలు, కుటుంబమంతా కలిసి ఆడడం, ఇవన్నీ చూసినప్పుడు బొమ్మలాట వాసన తెలుస్తూనే ఉంటుంది. హైదరాబాదు లింగంపల్లిలో సురభి కాలనీ ఉంది కాబట్టి నగరానికి ఈ కళ దూరపు చుట్టమేమీ కాదు.

కథలకు ఆధారం రామాయణ భారతాలు. రామకథకు గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం పెద్ద దిక్కు. ద్విపద నడక పాటకూ అడుగుకూ ఇట్టే కలుస్తుంది. అయితే రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టింది రాముడొక్కడే కాదు. జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు లేకపోతే రెండో జాముకే సగం మంది ఇంటికి పోయేవారు. ఈ హాస్యగాళ్లకు ఏ పురాణంతోనూ పనిలేదు. ఊరి పెద్దను వెక్కిరిస్తారు, పన్నుల గురించి మాట్లాడతారు, బూతు కూడా జోరుగానే ఉంటుంది. అశోకవనంలో సీత ఏడుస్తుంటే మధ్యలో దూరి ధరల గోల పెడతారు. నగరంలో వేదిక ఇచ్చేవాళ్లు ముందుగా కత్తిరించేది వీళ్లనే, “మర్యాదగా ఉండాలి” అని. అక్కడే ఆటకు ప్రాణం పోతుంది. పిల్లలున్న సభలో బూతు తగ్గించమంటే అర్థముంది. జుట్టుపోలిగాణ్నే రావద్దంటే మిగిలేది నీతిపాఠం.

ఈ పని ఇప్పటికీ బతికున్న చోట్లలో ముఖ్యమైంది శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. అక్కడి కుటుంబాలకు ఇంట్లో మరాఠీ యాస, తెర వెనక తెలుగు పద్యం. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కాకినాడ దగ్గర మాధవపట్నంలోనూ ఆడించే కుటుంబాలున్నాయి. నిమ్మలకుంట బొమ్మల పెద్ద కళ్లు, నిండు అలంకారం చూస్తే అదే జిల్లాలోని లేపాక్షి కుడ్యచిత్రాలు నాకు గుర్తొస్తాయి. ఇది చుట్టరికం తేల్చే మాట కాదు, చూసే కంటికి తోచేది.

ఆట పిలుపులు తగ్గాక ఆ ఊరు లాంప్‌షేడ్ల మీద బతకడం నేర్చింది. శిల్పారామం మేళాల్లో మీరు చూసే రంగురంగుల దీపపు గుమ్మటాలు ఆ చేతులు చేసినవే. కళను దీపపు తొడుగుగా మార్చేశారని కొందరు నొచ్చుకుంటారు. నాకైతే ఆ ఫిర్యాదు సబబనిపించదు. అది కూడు పెట్టింది, ఉలి పట్టే చేతిని నిలబెట్టింది. ఇంకోటి, లాంప్‌షేడ్‌లో దీపం తోలుకు వెనకే ఉంటుంది. పెద్ద పెద్ద ప్రదర్శనశాలలు పాటించని నియమాన్ని ఎనిమిదో అంతస్తు ఫ్లాటులో ఉన్న కొనుగోలుదారు తెలియకుండానే పాటిస్తున్నాడు. దాని లోటు ఒక్కటే, అది కదలదు, పాడదు. పిల్లలు పని నేర్చుకుంటారు గానీ పద్యం నేర్చుకోవడం మానేస్తారు. బొమ్మ చేసేవాళ్లు మిగిలి, ఆడించేవాళ్లు పోతే ఆట పోయినట్టే.

మ్యూజియం వాళ్ల ఇబ్బంది లేకపోలేదు. తోలుకూ రంగుకూ ఎక్కువ వెలుతురు హాని. ఇలాంటి వస్తువుల మీద 50 లక్సులకు మించి వెలుతురు పడకూడదని ప్రదర్శనశాలల్లో సాధారణంగా పాటించే లెక్క. వేడి తగిలితే తోలు ముడుచుకుంటుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. వందేళ్ల బొమ్మను రోజూ బల్బు ముందు నిలబెట్టమని ఎవరూ అడగరు. దాన్ని చీకటి పెట్టెలోనే దాచండి. దాని పక్కన నిమ్మలకుంటలో అదే కొలతలతో చేయించిన కొత్త బొమ్మను తెల్లగుడ్డ వెనక, వేడెక్కని చిన్న ఎల్‌ఈడీ దీపం ముందు పెట్టండి. పుల్లలు చూపరుల చేతికివ్వండి. తోలు పాడైతే మళ్లీ చేయించవచ్చు. ఆ ఆర్డరే ఒక కుటుంబానికి కొన్ని నెలల పని.

నాటకశాలల వాళ్లకు ఒక మాట. బొమ్మలాటకు పావుగంట ఇచ్చి, ముందొక సన్మానం, వెనకొక సన్మానం పెట్టకండి. కనీసం రెండు గంటలు ఇవ్వండి. హాల్లో దీపాలన్నీ ఆర్పండి, పసుపుపచ్చ వెలుతురు బల్బు ఒక్కటే ఇవ్వండి, తెర వెనక చెక్కపలకలు వెయ్యండి, మైకు పలకల దగ్గర కూడా పెట్టండి. తెర వెనక ఎనిమిది పదిమంది ఒకరికొకరు తగలకుండా తిరిగే చోటుండాలి.

చదువుతున్న మీకు కూడా పనుంది. ఈ నెలలో ఎక్కడ తోలుబొమ్మలాట ఉందని తెలిసినా పిల్లల్ని తీసుకువెళ్లండి. సగం ఆట తెర ముందు కూర్చుని చూడండి, మిగతా సగానికి ఆడించేవాళ్లను అడిగి వెనక్కి వెళ్లండి. వాళ్లు కాదనరు. మీ కాలనీలో నవమి పందిరి వేస్తే, ఆర్కెస్ట్రాకు ఇచ్చే డబ్బులో కొంత పక్కన పెట్టి ఒక్క రాత్రి బొమ్మలాట పెట్టించండి. దారిఖర్చులూ భోజనాలూ విడిగా మాట్లాడుకోండి, జుట్టుపోలిగాణ్ని తప్పకుండా తెమ్మనండి.