పడవలో బ్యాటరీ స్విచ్: పటం చెప్పని సంగతులు

భౌతికశాస్త్రం నోటుపుస్తకంలో విద్యుత్ వలయం పటాన్ని మీరు ఎన్నోసార్లు గీసి ఉంటారు. చిన్నదొకటి, పెద్దదొకటి రెండు గీతలు గీస్తే బ్యాటరీ. రేఖలో చిన్న ఎడం వదిలితే స్విచ్. దాన్ని రేఖ మీద ఎక్కడ గీసినా మార్కులు పోవు. శ్రేణి వలయంలో కరెంటు అంతటా ఒక్కటే కదా! చిన్న పడవలకు వైరింగు చేసేవారూ తరచు ఇలాంటి పటమే దగ్గర పెట్టుకుంటారు. పరీక్షకు అది చాలు. పడవకు చాలదని నా అభియోగం. తీగ పొడవు, అది వెళ్లే దారి, స్విచ్ ఉండే చోటు అందులో కనిపించవు.

ఏడెనిమిది మీటర్ల డీజిల్ పడవ ఒకటి తీసుకోండి. ఇంజను, 12 వోల్టుల బ్యాటరీ వెనకభాగంలో ఉన్నాయి. స్టార్టరు మోటారు 150 ఆంపియర్లు తీసుకుంటుందనుకుందాం. కేబులు మధ్యచ్ఛేద వైశాల్యం 35 చదరపు మిల్లీమీటర్లు. స్విచ్ బ్యాటరీ పక్కనే ఉంటే రానూపోనూ 4 మీటర్ల కేబులు సరిపోతుంది. రాగి విశిష్ట నిరోధం 1.72 × 10⁻⁸ ఓమ్-మీటర్లు. లెక్క కట్టండి: నిరోధం సుమారు 0.002 ఓములు, వోల్టేజి నష్టం 0.3 వోల్టులు. ఇప్పుడు అదే స్విచ్‌ను సౌకర్యం కోసం 5 మీటర్ల దూరాన, చుక్కాని దగ్గర బిగించారనుకోండి. కేబులు అక్కడికి వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. మొత్తం 14 మీటర్లయింది. నష్టం ఒక వోల్టు దాటింది. స్టార్టరు తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి ఎలాగూ తగ్గుతుంది. మరో వోల్టు దారిలోనే పోతే, చల్లని ఉదయాన ఇంజను మొరాయించవచ్చు.

ఇంతకంటే పెద్ద తప్పు మరొకటుంది. స్విచ్ తీసేస్తే ఇక భయం లేదని పటం మనల్ని నమ్మిస్తుంది. బ్యాటరీ నుంచి స్విచ్ దాకా ఉన్న తీగ సంగతేమిటి? అది ఎల్లప్పుడూ బ్యాటరీకి కలిసే ఉంటుంది. ఇంజను అదురుకు ఆ తీగ రంధ్రం అంచున రాసుకుని, తొడుగు అరిగి, ఇంజను లోహానికి తగిలితే వెయ్యి ఆంపియర్లకు పైగా ప్రవహించవచ్చు. స్విచ్ ఆపినా ఆ మంట ఆగదు. ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే ప్రమాదం అంత తక్కువ. అందుకే అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం స్విచ్‌ను బ్యాటరీకి వీలైనంత దగ్గరగా, సులువుగా చేతికందేటట్టు పెట్టమంటుంది.

అలాగని బ్యాటరీ పెట్టెలోనే బిగించకండి. ఛార్జి అవుతున్న లెడ్-ఆమ్ల బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది. స్విచ్ తిప్పినప్పుడు పుట్టేది నిప్పురవ్వే. బ్యాటరీ అరకు అవతలి వైపున, అడుగున చేరే నీటికి అందనంత ఎత్తున, మండుతున్న ఇంజను మీదుగా చేయి చాపనక్కర్లేని చోటు వెతకాలి. అలాంటిది దొరక్కపోతే బ్యాటరీనే జరపడం మేలని నా అభిప్రాయం.

పడవలోని పరికరాలన్నీ ఈ స్విచ్ కిందికే రావాలా? అడుగునీటిని తానే తోడే పంపును మినహాయించాలి. యజమాని స్విచ్ తీసి ఇంటికెళతాడు, రాత్రి కుండపోతగా వాన పడుతుంది, పంపు కదలదు! అందుచేత దాన్ని స్విచ్‌కు ముందే కలిపి, బ్యాటరీ దగ్గరే విడిగా ఒక ఫ్యూజు పెడతారు.

రెండు బ్యాటరీలున్న పడవల్లో ‘ఒకటి, రెండు, రెండూ, ఆఫ్’ అనే నాలుగు స్థానాల స్విచ్ బాగా వాడుకలో ఉంది. తెలివైన పరికరమే, కానీ మనిషి మరపును లెక్కలోకి తీసుకోలేదు. లంగరు వేసిన రాత్రి దాన్ని ‘రెండూ’ మీద వదిలేస్తే దీపాలకు రెండు బ్యాటరీలూ ఖర్చవుతాయి. తెల్లవారాక ఇంజనుకు ఏమీ మిగలదు. ఇంజను తిరుగుతుండగా పొరపాటున ‘ఆఫ్’ చేస్తే, ఆల్టర్నేటర్ కరెంటుకు దారి మూసుకుపోయి, ఎగసిన వోల్టేజికి అందులోని డయోడ్లు కాలిపోవచ్చు. దీనికి బదులు ఒక్కో బ్యాటరీకి ఒక్కో మామూలు స్విచ్, ఛార్జి జరిగేటప్పుడు మాత్రమే రెండింటినీ కలిపే రిలే ఒకటి నేనైతే ఎంచుకుంటాను. ఆల్టర్నేటర్ తీగను స్విచ్ గుండా పోనీయక, తగిన ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకి కలుపుతాను.