తెలుగు బ్లాగు: ఆవిర్భావం, వికాసం, భవిష్యత్తు

స్వీయచరిత్ర, లేఖ, దినచర్య, వ్యాసం అనే ప్రక్రియలు మీకు పరిచితమే. ఈ నాలుగింటి లక్షణాలూ కొంత కొంత కలిసిన రచనారూపం బ్లాగు. రచయిత అంతర్జాలంలో తనకంటూ ఒక చోటు ఏర్పరచుకుని, తేదీ వేసి రాసుకుంటూ పోయే రచనల వరుస ఇది. కొత్త టపా పైన ఉంటుంది, పాతవి కిందికి జరుగుతాయి. ఇది సాహిత్య విద్యార్థి పట్టించుకోవలసిన విషయమేనా అని మీకు సందేహం రావచ్చు. పట్టించుకోవాలనే నా అభిప్రాయం. కారణాలు చూద్దాం.

ఆవిర్భావం

'వెబ్‌లాగ్' అన్న మాట 1997లో పుట్టింది. 1999లో అది 'బ్లాగ్'గా కుదిరింది. ఆ ఏడాదే మొదలైన బ్లాగర్ సేవను 2003లో గూగుల్ కొనుగోలు చేసింది. సాంకేతిక విద్య లేనివారు కూడా సొంత పుట తెరవగలిగారు. తెలుగువారికి లిపి మరో అడ్డంకి. ఒక ఫాంటులో రాసినది ఆ ఫాంటు లేని కంప్యూటరులో చదవడానికి వీలయ్యేది కాదు. యూనికోడ్ వాడుకలోకి వచ్చాక ఈ చిక్కు తీరింది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులో చూపే 'లేఖిని', అనేక బ్లాగుల కొత్త టపాలను ఒకేచోట చూపే 'కూడలి' రచయితలకూ పాఠకులకూ తోడ్పడ్డాయి.

వికాసం

1874లో వీరేశలింగం తన సంస్కరణ భావాలను ప్రజలకు చెప్పడానికి 'వివేకవర్ధని' పత్రికను స్థాపించారు. పత్రిక అంటే ముద్రణ, చందాలు, పంపిణీ. బ్లాగరుకు ఇవేవీ అక్కరలేదు, సంపాదకుడి అంగీకారమూ అక్కరలేదు. అందువల్ల అచ్చులో ఎన్నడూ పేరు చూసుకోని గృహిణులు, ఉద్యోగులు, పరదేశంలో స్థిరపడినవారు రచయితలయ్యారు. చిన్ననాటి ఊరు, వంటిల్లు, ప్రయాణం, చదివిన పుస్తకం వారికి వస్తువులయ్యాయి. పాఠకుడు వ్యాఖ్య రాస్తే రచయిత అక్కడే బదులిచ్చేవాడు. కాబట్టి వ్యాఖ్యలు వదిలేసి టపా మాత్రమే చదివితే సగమే చదివినట్లు.

పరిమితులు

ఈ స్వేచ్ఛ అందరిదీ కాదని గమనించండి. మొదటి రోజుల్లో కంప్యూటరు, అంతర్జాలం అందుబాటులో ఉన్నవారికే అది దక్కింది. కూలి పనికి వెళ్ళే మనిషి గొంతు అందులో వినపడే అవకాశం తక్కువ. సంపాదకుడు లేకపోవడం వల్ల పునరుక్తి, ఆధారం లేని మాటలు, మారుపేరు చాటున దూషణ కూడా చోటుచేసుకున్నాయి. అయినా ఈ లోపాలు చూపి మొత్తం బ్లాగులనే తోసిపుచ్చడం న్యాయం కాదు. అచ్చులోనూ తాలు ఉంది.

భవిష్యత్తు

ఫేస్‌బుక్ వంటి వేదికలు వచ్చాక చాలామంది అటు మళ్ళారు. అక్కడ చదివేవారు వెంటనే దొరుకుతారు. కాని నెల క్రితం రాసినది వెతికి పట్టుకోవడం కష్టం. బ్లాగులో తేదీల వారీగా పాతవి దొరుకుతాయి. ఒక మనిషి ఆలోచన ఎలా మారిందో వరుసగా చదవవచ్చు. బ్లాగు విలువ ఇక్కడే ఉంది.

ప్రమాదమూ ఇక్కడే ఉంది. గురజాడ 1915లో మరణించారు. ఆయన దినచర్యలు, లేఖలు దశాబ్దాల తర్వాత అచ్చయ్యాయి. కాగితం మిగిలింది కనుకనే అది సాధ్యమైంది. బ్లాగుకు ఆ భరోసా లేదు. సేవ నడిపే సంస్థ మానేస్తే రచన పోతుంది. 2013లో గూగుల్ రీడర్ ఆగినప్పుడు పాఠకులు బ్లాగులను అనుసరించే దారి ఒకటి మూసుకుపోయింది. పాఠం చెప్పడానికి నేను రాసిపెట్టుకున్న బ్లాగు చిరునామాల్లో కొన్ని ఇప్పుడు తెరుచుకోవడం లేదు. వాటిలో మంచి వ్యాసాలుండేవి. వాటిని ఇప్పుడు మీకు చూపలేను.

బ్లాగు ఉంటుందా పోతుందా అన్నది సాంకేతికత ఒక్కటే తేల్చే విషయం కాదు. రాసేవారు ప్రతి దాచుకోవాలి, గ్రంథాలయాలు సేకరించాలి, విమర్శకులు చదవాలి. రేపు ఈ కాలపు సామాన్యుల జీవితం గురించి రాయబోయే చరిత్రకారుడికి ఇవే ఆధారాలు.

అభ్యాసం: మీకు నచ్చిన ఒక తెలుగు బ్లాగులో మొదటి టపా, చివరి టపా చదవండి. భాషలో, వస్తువులో, పాఠకుడిని పలకరించే తీరులో వచ్చిన మార్పును ఒక పుటలో రాయండి. ఆ రెండు టపాల ప్రతిని మీ దగ్గర భద్రపరచండి.