ఎర్రచందనం కథలో కూలోడెక్కడ?
('పుష్ప' సినిమాల మీద ఒక మాట)

2021 డిసెంబరులో 'పుష్ప' మొదటి భాగం వచ్చినప్పటినుంచి మన తండాల్లో, యానాది కాలనీల్లో, ఎరుకల ఇండ్లల్లో పిల్లలు గడ్డం కింద చెయ్యి తిప్పడం నేర్చుకున్నారు. సుకుమార్ తీసిన ఈ సినిమాను మనం ఇష్టంగానే చూశాం. కారణం ఉంది. చిత్తూరు యాస తెరమీద హీరో నోట వినిపించింది. భుజాన దుంగ మోసే కూలోడే కథకు నాయకుడయ్యాడు. ఇంటిపేరు లేదని అవమానించిన వాళ్ల ముందు వాడు తల ఎత్తి నిలబడ్డాడు. అవమానం తెలిసిన మనకు అది నచ్చకుండా ఎట్లుంటుంది?

సినిమా ఒక నిజాన్ని బాగా పట్టుకుంది. చెన్నైలో దుంగకు పలికే ధరకూ, ఇక్కడ తన చేతికొచ్చే ధరకూ ఉన్న తేడా తెలిశాక పుష్పరాజ్ ఎదురుతిరుగుతాడు. వ్యాపారం అంటే ఏమిటో చెప్పడానికి ఆ ఒక్క ఘట్టం చాలు. రెండో భాగం జపాన్ ఓడరేవులో, కంటైనర్‌లో మొదలవుతుంది. అంటే సరుకు ఎంత దూరం పోతుందో సినిమా తీసినవాళ్లకు బాగా తెలుసు.

అయితే చెట్టు గురించి వాళ్లు పట్టించుకోలేదు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది మన శేషాచలం, వెలిగొండ, పాలకొండల చుట్టుపక్కలే. రాళ్లనేల, తక్కువ వాన, మండే ఎండ దానికి కావాలి. లోపలి ఎర్రచేవ ముదరడానికి దశాబ్దాలు పడుతుంది. సినిమాలో మనం చూసిన పచ్చటి తడి అడవి చాలావరకు మారేడుమిల్లిది, కొండరెడ్ల ఊళ్లున్న అడవి. ఏ అడవైనా ఒకటేలే అనుకుంటే ఈ చెట్టు ఇక్కడే ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్న రాదు. అది పోతే మళ్లీ ఎక్కడా దొరకదన్న భయమూ రాదు. 1995 నుంచి ఈ కలప అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందం కింద అదుపు ఉంది. ఆ అదుపు ఎందుకు పెట్టారో సినిమా చూసినవాడికి తెలియదు.

ఇక కూలోడి సంగతి. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో జవ్వాదు కొండల మలయాళి గిరిజనులు ఉన్నారు. ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు చెప్పారు. బూటకపు ఎన్‌కౌంటర్ అని హక్కుల సంఘాలు అన్నాయి. సినిమాలో హీరో ఎంత పెద్ద దాడి నుంచైనా బయటపడతాడు. నిజం అడవిలో కూలికి పోయినవాడి శవం ఊరికి చేరింది. సరుకు కొన్నవాడి దాకా ఏ తూటా పోలేదు.

ఇంకొకటి చూడండి. పట్టుబడిన దుంగలను ప్రభుత్వమే 2014లో ప్రపంచ టెండర్లు పిలిచి వేలం వేసింది. కూలోడి భుజం మీద నేరమైన దుంగ గోడౌన్‌లోకి చేరాక ఆదాయమైంది. చైనాలో అది ఖరీదైన కుర్చీ అవుతుంది, జపాన్‌లో వాయిద్యంలో భాగమవుతుంది. కొన్నచోట అది ఆర్థిక వృద్ధి లెక్కలోకి వస్తుంది. నరికినచోట బోసిపోయిన కొండ ఏ లెక్కలోకీ రాదు. దేశాల అభివృద్ధిని తలసరి ఆదాయంతో కొలిచే పాఠ్యపుస్తకం కూడా ఈ సంగతి చెప్పదు.

పుష్పరాజ్ సిండికేట్‌ను కూలదోయడు, దాని పీఠం ఎక్కుతాడు. ఒక్కడు పైకి పోతాడు. కింద దుంగలు మోసేవాళ్లు మోస్తూనే ఉంటారు. దాన్నే కూలోడి గెలుపని మనం చప్పట్లు కొట్టాం. చట్టం చేసి మరీ ఎరుకలను పుట్టుకతోనే నేరస్థులని తెల్లదొరలు రాసిపెట్టారు. ఆ ముద్రను కాగితం మీద తుడవడానికి 1952 దాకా పట్టింది. ఊళ్లో ఏ దొంగతనం జరిగినా ముందు మన గుడిసెల వైపు చూసే అలవాటు ఇంకా పోలేదు. నేరాన్ని మగతనంగా చూపించే బొమ్మ పెద్దింటి పిల్లోడికి సరదా కావచ్చు. మన పిల్లోడికి అది కేసు కావచ్చు.

సినిమా చూడొద్దని మేం అనడం లేదు. అయ్యవార్లు దాన్నే పాఠంగా తీసుకోవచ్చు. పిల్లల చేత శేషాచలం నుంచి చెన్నై మీదుగా జపాన్ దాకా ఒక పటం గీయించండి. ప్రతి మజిలీలో ఎవరికి ఎంత లాభం, ఎవరికి ఎంత ప్రమాదం అని రాయించండి. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, కుంకుడు, చింతపండు వంటి అటవీ ఫలసాయం మీద మనకు హక్కు ఇచ్చిందనీ, కలప అందులో లేదనీ చెప్పండి. ఆ హక్కు మన ఊళ్లో ఎందరికి అందిందో పిల్లల్నే కనుక్కోమనండి. మేస్త్రీ వచ్చి అడవికి రమ్మని అడ్వాన్స్ చేతిలో పెట్టేలోగా ఆ పటం వాళ్ల కండ్ల ముందు ఉండాలి.