ఇప్పపువ్వు: అడవి అంచు పల్లెల వంట

ఎండాకాలం మొదట్లో, ఆకు రాలిన కొమ్మల చివర గుత్తులుగా పూసి, తెల్లవారేలోగా నేల రాలే తియ్యని పువ్వు ఇప్పపువ్వు. చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలోని విరూర్ చుట్టుపక్కల టేకు అడవుల్లోనూ చేల గట్ల మీదా ఈ చెట్లుంటాయి. కాజీపేట–బల్లార్షా రైలు మార్గం మీద, తెలంగాణ సరిహద్దుకు ఆనుకొని ఉన్న ఈ తాలూకా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో భాగం. తెలుగువారి ఇప్పచెట్టే ఇక్కడి మరాఠీవారికి మోహ. గోండులకూ కొలాములకూ అది తరతరాల ఆధారం. కొత్త పంటను, కొత్త పువ్వును ముందుగా దేవుళ్ళకు పెట్టి గాని తినకపోవడం గోండుల ఆచారం.

పువ్వును ఆహారంగా వండుకోవడం చాలా దేశాల్లో ఉంది. మధ్యధరా తీరంవారు ఆర్టిచోక్ మొగ్గను పెరట్లో పెంచుకొని తింటారు. గోదావరి జిల్లాల్లో అరటిపువ్వు కూర పేరున్న వంట. ఆర్టిచోక్‌లో నడిమి నూగు, అరటిపువ్వులో గట్టి కాడ, ఇప్పపువ్వులో కేసరాలు తీసేశాకే వంట మొదలవుతుంది. తేడా ఏమిటంటే మిగతా రెండూ కూరగాయలు, ఇప్పపువ్వు మాత్రం తీపి. సపోటా కుటుంబానికి చెందిన ఈ చెట్టు శాస్త్రీయ నామం మధుకా లాంగిఫోలియా. రాలేది పువ్వులోని కండగల రెక్కల గొట్టం మాత్రమే. కాయ కట్టే భాగం కొమ్మ మీదే ఉండిపోతుంది. అందువల్ల పూలు ఎంత ఏరుకున్నా కాయకు నష్టం లేదు.

పూత మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది. రాలిన పూలను ఎండ ముదరకముందే ఏరాలి. ఆలస్యమైతే పువ్వు వాడి, మట్టి అంటి, పులవడం మొదలవుతుంది. పువ్వు బాగా కనబడాలని కొందరు చెట్టు కింది ఎండుటాకులకు నిప్పు పెడతారు. ఆ నిప్పు అడవికి పాకుతుంది, పువ్వుకు బూడిద అంటుతుంది. ఆకులు ఊడ్చి తీయడం మేలు. చెట్టు కింద వల కట్టడం ఇంకా మేలు, పువ్వుకు నేలే తగలదు. విరూర్, రాజురా అటవీ ప్రాంతాల్లో పులులున్నాయి. పూలు ఏరేవారు గంట సేపు నేలవైపే చూస్తూ వంగి ఉంటారు కనుక ఒంటరిగా వెళ్ళకూడదు. వెలుతురు వచ్చాక, నలుగురు కలిసి, మాట్లాడుకుంటూ ఏరుకోవడమే క్షేమం.

వంట రుచి ఎండబెట్టడంలోనే తేలిపోతుంది. పచ్చి పువ్వులో నీరే ఎక్కువ. నాలుగైదు కిలోలు ఎండితే కిలో మిగులుతుంది. చాప మీదో శుభ్రమైన గుడ్డ మీదో పలచగా పరిచి, మధ్యమధ్య తిరగేస్తూ కొన్ని రోజులు ఎండనిస్తారు. మీగడ రంగు పువ్వు ఇటుక రంగుకు తిరిగి, వేళ్ళకు అంటుకోకుండా ముడుచుకుంటే ఎండినట్టు. గుట్టగా పోస్తే లోపలి తడికి పులిసి సారా వాసన వేస్తుంది. అలాంటి పువ్వు వంటకు పనికిరాదు. ఎండినదాన్ని మూత గట్టిగా ఉన్న డబ్బాలో దాచాలి. వానాకాలంలో అది గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది కనుక ఎండ కాసిన రోజు తీసి మళ్ళీ ఆరబెడతారు.

వండే ముందు పూలను దోసిట్లో నలిపితే లోపలి కేసరాలు పొడిగా రాలతాయి. చేటతో చెరిగితే ఆ పొట్టు, దుమ్ము పోతాయి. కేసరాలు మిగిలితే గొంతులో గరగరలాడుతుంది, చేదు తగులుతుంది. తర్వాత ఒక్కసారి గబగబా కడిగి ఆరబెట్టాలి. ఎక్కువసేపు నానితే తీపి నీళ్ళలో కలిసిపోతుంది.

అన్నిటికంటే తేలికైనది వేపుడు. మట్టి పెంకను సన్నని మంట మీద పెట్టి పూలు వేసి కలుపుతూ ఉంటే కాసేపటికి ఉబ్బి, ఎండుద్రాక్ష వాసన వస్తుంది. చక్కెర ఎక్కువ కాబట్టి మంట పెరిగితే వెంటనే మాడి చేదెక్కుతుంది. వేగిన పూలను వేయించిన నువ్వులతో, పల్లీలతో కలిపి రోట్లో దంచితే ముద్ద కట్టుకుంటుంది. ఇప్ప లడ్డు ఇదే. తీపి ఎక్కువ కావాలనుకున్నవారు బెల్లం కలుపుతారు. పచ్చి పూలు దొరికే రోజుల్లో వాటి రసం పిండి, ఆ రసంతో జొన్నపిండి కలిపి రొట్టె కాల్చుకోవచ్చు. అదే రసాన్ని వడగట్టి సన్నని మంట మీద కాస్తే తేనెలాంటి పాకం అవుతుంది. గుడాలలోనూ పువ్వు బాగుంటుంది. అనుములో బొబ్బర్లో ముందు మెత్తగా ఉడకాలి, పూలు చివర్లో వేయాలి. తీపి నీళ్ళలో గింజలు త్వరగా ఉడకవు.

ఈ కలయికల్లో పోషణ లెక్క కూడా ఉంది. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే, మాంసకృత్తులు కొద్దిపాటివి. నువ్వులు, పల్లీలు, పప్పుగింజలు ఆ లోటు తీరుస్తాయి. గాదెలు ఖాళీ అయ్యే నెలల్లో ఈ పువ్వు ఎన్నో ఆదివాసీ కుటుంబాల కడుపు నింపింది. సరిహద్దుకు అవతల, తెలంగాణలోని ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్ప లడ్డూలు తయారుచేస్తోంది. రక్తహీనత తగ్గించే ఉద్దేశంతో వాటిని గిరిజన వసతి గృహాల పిల్లలకు అందించారు.

పువ్వు తర్వాత కాయ. వానలు మొదలయ్యే నాటికి కాయలు పండుతాయి. గింజల నుంచి తీసిన నూనె చలికి నెయ్యిలా పేరుకుంటుంది. దాన్ని వంటకూ దీపానికీ వాడేవారు. పిండగా మిగిలిన చెక్కలో సాపోనిన్లు ఉంటాయి కనుక అది తినడానికి పనికిరాదు, పురుగులను అదుపు చేసేందుకు చేనుకు వేస్తారు.

ఇంత ఆహారపు విలువ ఉన్నా ఇప్పపువ్వు అనగానే చాలామందికి సారాయే గుర్తుకొస్తుంది. పువ్వు పులియబెట్టి సారా కాయడం పాతకాలం నుంచీ ఉన్నదే. ప్రభుత్వాలు కూడా పువ్వును ఆ కంటితోనే చూశాయి. బొంబాయి ప్రభుత్వం 1892లో మౌరా (ఇప్ప) చట్టం చేసి ఠాణా, కొలాబా జిల్లాల్లో పువ్వు సేకరణకూ నిల్వకూ అడ్డుకట్ట వేసింది. అయితే చిన్న అటవీ ఉత్పత్తుల మీద అడవిబిడ్డలకు యాజమాన్య హక్కు ఉందని 2006 అటవీ హక్కుల చట్టం గుర్తించింది. ఇప్పపువ్వుకూ అది వర్తిస్తుంది. హక్కుకు తగిన ధర రావాలంటే పువ్వు తిండిసరుకుగా అమ్ముడుపోవాలి, అందుకు మట్టి లేకుండా ఏరి, పులవకుండా ఎండబెట్టిన పువ్వు కావాలి. ఇప్ప మొక్క పూతకు రావడానికి ఏళ్ళు పడుతుంది, వచ్చాక మాత్రం దశాబ్దాల పాటు పూస్తుంది. గట్టు మీది పాత చెట్టును కాపాడుకుంటూ, దాని కింద మొలిచిన మొక్కను పశువులు మేయకుండా కంచె వేసి పెంచితే ఈ వంట తర్వాతి తరానికీ అందుతుంది.