పుస్తకం ఖరీదు మీద ప్రాణం

18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో పుస్తకం దొంగిలించినవాడికి ఏ శిక్ష పడాలన్నది మూడు ప్రశ్నలు తేల్చేవి. పుస్తకం ఖరీదెంత? ఎక్కడి నుంచి పోయింది? తీస్తుండగా ఎవరైనా చూశారా? లోపల ఏముందో కోర్టుకు పట్టేది కాదు. చట్టానికి పుస్తకమైనా, వెండి చెంచా అయినా, పట్టుగుడ్డ అయినా ఒకటే.

ఖరీదు 12 పెన్నీలకు, అంటే ఒక షిల్లింగుకు లోపైతే అది చిల్లర దొంగతనం. కొరడా దెబ్బలతో పోయేది. షిల్లింగు దాటితే పెద్ద దొంగతనం, దానికి రాసిపెట్టిన శిక్ష ఉరి. మొదటిసారి దొరికినవాడు మాత్రం ఒక పాత మినహాయింపుతో బయటపడేవాడు. ఒకప్పుడు అది చర్చి గురువులకు ఇచ్చిన సౌకర్యం. గురువు అనడానికి రుజువు చదువు రావడమే కాబట్టి, కోర్టులో బైబిలు చేతికిచ్చి 51వ కీర్తన మొదటి వచనం చదవమనేవారు. చదివితే బొటనవేలి మీద వాత పెట్టి వదిలేసేవారు. నాలుగు ముక్కలు చదవగలగడం మనిషి మెడను కాపాడిన కాలం అది. 1706లో వచ్చిన చట్టం ఆ చదువు పరీక్షను తీసేసి, మినహాయింపును చదువు రానివాళ్లకూ ఇచ్చింది.

ఒక తలుపు అలా తెరుచుకుంటుండగా, మిగతావి మూసుకుంటూ వచ్చాయి. దుకాణంలోంచి ఎవరి కంటా పడకుండా 5 షిల్లింగులు, ఆపైన విలువైన సరుకు తీస్తే మినహాయింపు లేదని 1699 నాటి చట్టం చెప్పింది. 1713లో వచ్చిన మరో చట్టం, ఇంట్లోంచి 40 షిల్లింగుల సరుకు పోతే ఉరే అంది. లండన్ పుస్తకాల వ్యాపారుల్లో చాలామంది కింద దుకాణం, పైన కాపురం. కాబట్టి అక్కడి దొంగతనాన్ని ఇంటి దొంగతనంగానూ మోపవచ్చు. ‘ఎవరి కంటా పడకుండా’ అన్న మాటకు ఎంత బరువుందంటే, పుస్తకం కోటు కింద దూర్చుతుండగా కొట్లో కుర్రాడు చూశానని సాక్ష్యం చెబితే, ఆ చూపే ముద్దాయిని ఉరి నుంచి తప్పించేది.

5 షిల్లింగులంటే ఎంతో తెలియాలంటే కూలి చూడాలి. లండన్‌లో మామూలు కూలీకి రోజుకు సుమారు 2 షిల్లింగులు ముట్టేవి. 1749లో వచ్చిన హెన్రీ ఫీల్డింగ్ నవల ‘టామ్ జోన్స్’ ఆరు సంపుటాలు బైండు చేయించి 18 షిల్లింగులు. 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువు 4 పౌండ్ల 10 షిల్లింగులు, అంటే 90 షిల్లింగులు. ఒక్క మంచి పుస్తకం చాలు, ఉరి గీత దాటిపోవడానికి.

ఆ గీత దగ్గర జ్యూరీలు అడ్డం నిలిచాయి. ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణల నివేదికల్లో 4 షిల్లింగుల 10 పెన్నీలు, 39 షిల్లింగులు అన్న అంకెలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. సరుకు అసలు ఖరీదు ఎంతైనా, గీతకు కాస్త కిందికి దించి రాసి ‘ఈ మేరకు దోషి’ అనేవారు. ప్రమాణం చేసి కూర్చున్న పన్నెండుమంది తెలిసీ తప్పు ధర కట్టారు. ఆ చట్టం కింద మనిషి చేయగలిగిన మేలు అదే. దీన్ని దయతో ఆడిన అబద్ధంగా న్యాయశాస్త్రజ్ఞుడు విలియం బ్లాక్‌స్టన్ అప్పట్లోనే గుర్తించాడు.

అచ్చుపనిలో ఉన్నవాళ్ల చేతివాటం మరో రకం. అప్పట్లో పుస్తకం అచ్చయ్యాక చాలాభాగం కుట్టని ఫారాలుగానే గిడ్డంగిలో కట్టలు కట్టి ఉండేది. కట్టలోంచి నాలుగు ఫారాలు లాగి చొక్కా కింద దాచితే వెంటనే తెలియదు. జున్ను కొట్టువాడో కిరాణా వ్యాపారో వాటిని చిత్తు కాగితంగా తూకానికి కొనేవాడు, పొట్లాలకు పనికొస్తాయని. దొంగసొత్తని తెలిసి కొన్నట్టు రుజువైతే అతనికి 14 ఏళ్ల ప్రవాసం, అంటే దేశం దాటించే శిక్ష. ఇక్కడ కోర్టు కట్టిన ధరకూ జరిగిన నష్టానికీ పొంతన ఉండేది కాదు. ఒక్క ఫారం పోతే, కాగితంగా దాని విలువ కాణీ చేయకపోయినా, ఒక ప్రతి మొత్తం అమ్మకానికి పనికిరాదు.

1718 చట్టంతో ప్రవాసమే మామూలు శిక్ష అయింది. మినహాయింపుతో ఉరి తప్పినవాళ్లను ఏడేళ్లకు అమెరికా వలసలకు పంపేవారు, గడువుకు ముందే తిరిగొస్తే ఉరి. ఆ ఓడ ఎక్కిన పుస్తకాల దొంగల్లో పేరు మోసినవాడు హెన్రీ జస్టిస్. ఆయన మిడిల్ టెంపుల్ అనే న్యాయవాదుల సంఘానికి చెందిన న్యాయవాది. కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో ఫెలో కామనర్‌గా, అంటే ఎక్కువ రుసుము కట్టే విద్యార్థిగా చేరి, దాని లైబ్రరీలోంచి పుస్తకాలు తరలించాడు. మోపిన నేరంలో బొమ్మల బైబిలు, న్యూకాజిల్ డ్యూక్ రాసిన గుర్రపు స్వారీ గ్రంథం ఉన్నాయి. వాటికంటే బాధ కలిగించేది, సంపుటాల్లోంచి కోసి తీసిన చిన్న పుస్తకాలు. పుస్తకం పోతే అరలో ఖాళీ కనిపిస్తుంది. లోపలి పేజీలు కోసేస్తే అట్ట మాత్రం బుద్ధిగా నిలబడి ఉంటుంది, నష్టం ఏళ్ల తరబడి బయటపడదు.

1736 మే నెలలో విచారణ. తానూ కాలేజీ సభ్యుడినే, పుస్తకాలు కాలేజీవి కాబట్టి సొంత సొత్తు తీస్తే దొంగతనం ఎలా అవుతుందని జస్టిస్ వాదించాడు. కాలేజీ సన్నదులు చదివి చూశారు. చదువుకోవడానికి చేరినంత మాత్రాన ఆస్తిలో భాగం రాదని తేలింది. ప్రవాసం వద్దు, చేతి మీద వాత పెట్టండి, పిల్లలకూ కక్షిదారులకూ అన్యాయమవుతుంది, విశ్వవిద్యాలయం నుంచి కూడా తాను తీసిన పుస్తకాలు కొన్ని హాలండ్ వెళ్లాయి, తానుంటేనే తిరిగొస్తాయి అని బతిమాలాడు. కోర్టు వినలేదు, ఏడేళ్లు వేసింది. మిగతా ఖైదీలు న్యూగేట్ జైలు నుంచి నడిచి బయల్దేరితే, జస్టిస్, మరికొందరు డబ్బున్న ఖైదీలు బాడుగ గుర్రపుబండ్లలో వెళ్ళారు. తర్వాత ఆయన హాలండ్‌లో స్థిరపడి, అక్షరం అక్షరం రాగిరేకు మీద చెక్కించిన లాటిన్ కవి వర్జిల్ కావ్యాల ముద్రణ తలపెట్టాడు. 1763లో ఆయన పోయాక ఆయన గ్రంథాలు ద హేగ్‌లో వేలానికి వచ్చాయి. పుస్తకాన్ని అంతగా ప్రేమించినవాడే పుస్తకాలను కోశాడన్నది మింగుడుపడని విషయం.

కేంబ్రిడ్జ్ వైపూ లోపముంది. బిషప్ మూర్ సేకరించిన సుమారు 30,000 సంపుటాలను 1715లో రాజు విశ్వవిద్యాలయానికి ఇస్తే, అవి దశాబ్దాలపాటు సర్దకుండా పడి ఉండి చాలా మాయమయ్యాయి. చర్చి లైబ్రరీల కోసం 1708లో వచ్చిన చట్టం పోయిన పుస్తకాలకు మూడింతల పరిహారం రాబట్టుకోవచ్చంది. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయం మాత్రం 1757 నుంచి పుస్తకాలకు వేసిన గొలుసులే తీసేయడం మొదలుపెట్టింది.

దుకాణ దొంగతనానికి ఉన్న 5 షిల్లింగుల ఉరిని ఎత్తేయాలని సంస్కర్త శామ్యూల్ రొమిలీ తెచ్చిన బిల్లును 1810లో ప్రభువుల సభ తోసిపుచ్చింది. వ్యతిరేకించినవాళ్లలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్, మరో ఆరుగురు బిషప్‌లు ఉన్నారు. 1820లో ఆ గీత 15 పౌండ్లకు పెరిగింది. 1827లో చిల్లర, పెద్ద దొంగతనాల తేడా పోయింది. ఇంటి దొంగతనానికి ఉరి 1832లో పోయింది.