మూడవ వంతు - మనోవర్తి : స్మృతివాక్యముపై ఒక పరిశీలనము

పదమూడవ శతాబ్దమున కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చినాడు. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్తములను మూడు కాండముల యీ కృతిని మన సాహిత్యచరిత్రకారులు పేర్కొని ముందునకు సాగుదురు. దానికి మూలమైన శాస్త్రములో దంపతుల యెడబాటును గూర్చి, అప్పటి ధనవిభాగమును గూర్చి యేమున్నదో విచారించినవారు మనలో అరుదు. ప్రాచీనులకు విడాకులే లేవు గనుక వారు చెప్పునదేమియు లేదని కొందరందురు. సర్వమును వారే చెప్పియున్నారని మరికొందరందురు. ఈ రెండు మాటలును గ్రంథము చదువక చెప్పినవే యని మా యభిప్రాయము.

యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయములో ఒక శ్లోకము కలదు. ఆజ్ఞను పాటించునది, సమర్థురాలు, పుత్రవతి, ప్రియభాషిణి యైన భార్యను విడిచిన భర్తచేత తన ధనములో మూడవ వంతు ఇప్పింపవలెననియు, అతడు నిర్ధనుడైనచో ఆమెకు భరణము కల్పింపవలెననియు దాని తాత్పర్యము. ఇందలి క్రమము గమనింపదగినది. ముందు చెప్పబడినది వంతు. భరణము వంతునకు గతిలేనివానికి మాత్రమే. 'దాప్యః' అను పదమును గూడ విడువరాదు. 'ఇయ్యవలెను' అని గాక 'ఇప్పింపదగినవాడు' అని దాని యర్థము. ఇది దాతయొక్క దయకు వదలిన విషయము కాదు. శ్లోకము ఆచారాధ్యాయములో నున్నను దాని క్రియ వ్యవహారమునకు జెందినది.

అంతమాత్రమున దీనిని ఆదర్శముగా చాటుట తగదు. ఇక్కడ చెప్పబడినది త్యాగమే గాని వివాహవిచ్ఛేదము కాదు. విడుచు అధికారము భర్తది. వంతు దొరకుటకు భార్య నాలుగు గుణములకు పరీక్ష ఈయవలెను. కరవునందు, ధర్మకార్యమునందు, వ్యాధియందు, నిర్బంధమునందు భర్త వాడుకొన్న స్త్రీధనమును తిరిగి ఈయనక్కర లేదని ఆ స్మృతియే మరొకచోట చెప్పుచున్నది.

స్త్రీధనవిషయమున విజ్ఞానేశ్వరుని వ్యాఖ్య మిక్కిలి ఉదారమైనది. మూలమునందలి 'ఆధివేదనికాద్యము' అను సమాసములోని 'ఆద్య' శబ్దమును ఆధారముగా గొని, వారసత్వము, క్రయము, విభాగము మొదలగు మార్గముల వచ్చినదంతయు స్త్రీధనమే యని అతడు విస్తరించినాడు. వారసత్వముగా వచ్చిన ఆస్తి విషయమున ప్రీవీ కౌన్సిలు 1903లో ఈ విస్తృతిని అంగీకరింపలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము పదునాల్గవ సెక్షను స్త్రీకి సంపూర్ణ స్వామ్యమును చెప్పుచు, ఏయే విధముల వచ్చిన ఆస్తికి అది వర్తించునో చూపిన పట్టిక విజ్ఞానేశ్వరుని పట్టికను తలపింపజేయును.

విడాకుల హక్కు ఆంధ్ర ప్రాంతమునకు మొదట మదరాసు రాష్ట్రపు 1949 నాటి ద్విభార్యా నిషేధ, విడాకుల చట్టము ద్వారా వచ్చినది. 1955 నాటి హిందూ వివాహ చట్టము దాని స్థానమును గ్రహించినది. ఇందు వ్యాజ్యకాలమునకు ఇరువదినాల్గవ సెక్షను, శాశ్వతభరణమునకు ఇరువదియైదవ సెక్షను కలవు. దంపతులలో ఎవరైనను కోరవచ్చును. కాని యీ చట్టమున భరణమే ప్రధానమైనది. వంతు అను భావము లేదు. ఇరువదియేడవ సెక్షను వివాహసమయమున గాని, ఆ సమీపమున గాని ఈయబడి, ఇరువురకును చెందదగిన వస్తువులకే పరిమితము.

దీని ఫలితము సామాన్య కుటుంబమున ఎట్లుండునో చూడుడు. ఇల్లు భర్త పేర నుండును. వాయిదాలు అతని జీతమునుండి పోవును. మొదటి సొమ్మునకై తాకట్టు పెట్టిన భార్య నగలకు రసీదు ఆమె చేత నుండదు. ఇరువది యేండ్ల వంటకు, వృద్ధుల సేవకు లెక్కపుస్తకమే లేదు. భర్తవైపునను చిక్కులు లేకపోలేదు: ఒకే జీతము, తీరని ఋణము, తల్లిదండ్రుల పోషణ, ఇప్పుడు రెండు ఇండ్ల ఖర్చు. నగల విషయమున 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సుప్రీము కోర్టు, స్త్రీధనము భార్య సొంతమనియు, దానిని దగ్గర నుంచుకొన్నవారు బాధ్యులనియు తీర్పు చెప్పినది. కరవు పేర, వ్యాధి పేర స్మృతి ఇచ్చిన మినహాయింపు దీనితో నిలువదు. రజనీశ్ - నేహా వ్యాజ్యమున 2020లో ఆ న్యాయస్థానమే, ఉభయులును ఆస్తులను, అప్పులను ప్రమాణపత్రమున వెల్లడింపవలెననియు, భరణము దరఖాస్తు చేసిన నాటినుండి చెల్లవలెననియు నిర్దేశించినది. ఇవి మేలైన మార్పులే. అయినను ఇంటిపనికి వంతు ఏర్పడలేదు. 2023లో మదరాసు ఉన్నత న్యాయస్థానము ఒక ఆస్తి తగాదాలో గృహిణి శ్రమను ఆస్తిసంపాదనకు తోడ్పాటుగా గుర్తించి సమానభాగము చెప్పినది. అది విడాకుల వ్యాజ్యము కాదు, చట్టసూత్రమును కాదు. కాని దారి చూపు తీర్పు.

వంతు పొందునది హక్కుదారు. మనోవర్తి పొందునది ఆశ్రితురాలు. పొందిన రూకలు సమానమైనను పొందిన గౌరవము సమానము కాదు. స్మృతి వంతును చెప్పి దానికి గుణపరీక్ష పెట్టినది. నేటి చట్టము గుణపరీక్షను చాలవరకు సడలించి వంతును విడిచినది. పరీక్ష లేని వంతు ఇంకను రాలేదు. కేతన కృతిని పరిశోధించు విద్యార్థులు, మూలమునందలి యీ తారతమ్యము తెలుగు పద్యములలో ఎంతవరకు నిలిచినదో, ఎచ్చట జారినదో పరిశీలింతురుగాక. ఆ పని ఛందోవ్యాకరణ విచారముకంటె తక్కువది కాదు.