పాలు పోయని పూట

ఎక్సెల్ షీట్‌లో సున్నాను దాచడం నాకు గిట్టదని ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. గళ్ళను కలిపేసే అలవాటు మీద, చూపుకు ఇంపుగా ఉంటాయని పూసే రంగుల మీద ఎంత పోరానో దీని మీదా అంతే పోరాను. లెక్క కట్టాక సున్నా వచ్చిందంటే అదీ ఒక ఫలితమే, కనబడాలి. అందుకే ఈ వారం పాకాల దగ్గరి పల్లెలో పాలకేంద్రం నడిపే కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, "సున్నాలన్నీ దాచేసినాను సార్, అయినా సగటు తప్పొస్తా ఉంది" అన్నప్పుడు నా జవాబు సిద్ధంగా ఉంది. షీట్ చూశాక మాత్రం ఆ జవాబు చెప్పబుద్ధి కాలేదు.

అది పదిరోజుల బిల్లు. ఇంటికో వరుస, రోజుకు రెండు పూటలు, పూటపూటకూ లీటర్లు, వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థం), డబ్బు. ఏ పూట పాలు ఆ పూటే ఒక షీట్‌లో ఎక్కిస్తాడు. బిల్లు షీట్ అక్కణ్ణించి అంకెల్ని తెచ్చుకుంటుంది. ఎవరైనా పాలు పోయకపోతే అక్కడ గడి ఖాళీ. ఆ ఖాళీ గడిని బిల్లులోకి పిలిస్తే ఎక్సెల్ ఖాళీని తేదు, సున్నాను తెస్తుంది. బిల్లు నిండా సున్నాలే. రైతులు చదవలేకపోతున్నారని ఇతను ఫార్మాట్ మార్చాడు. 0.0;-0.0;;@ అని రాస్తే సెమీకోలన్ల మధ్య మొదటిది ధన సంఖ్యలకు, రెండోది రుణ సంఖ్యలకు, మూడోది సున్నాకు, నాలుగోది అక్షరాలకు. మూడోచోటు ఖాళీగా వదిలాడు కాబట్టి సున్నాలు మాయం. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కిందికి వెళ్ళి ఒక్క టిక్కు తీసేసినా షీట్ మొత్తానికీ ఇదే జరుగుతుంది. రెండూ తెర దించడమే. తెర వెనక సున్నా అక్కడే ఉంటుంది.

ఒక అవ్వ బిల్లులో వెన్న 4.0, 4.2, ఒక ఖాళీ, 3.8. కంటికి కనబడే మూడింటి సగటు 4.0. బిల్లు కింద అచ్చయింది 3.0. ఎందుకంటే యావరేజ్ కనబడని సున్నాను కూడా కలుపుకుని నాలుగుతో భాగించింది. డబ్బు లెక్క ఏ పూటకు ఆ పూటే కడతారు కాబట్టి ఆమెకు పైసా తగ్గలేదు. కానీ ఆమె కేంద్రానికొచ్చి, "ఏం నాయనా, నేను నీళ్ళు కలిపినానా?" అని అడిగిందట. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడటం చూసిన తరం ఆమెది. పాల బిల్లులో ప్రతి అంకెనూ తడిమి చూసే తరం. ఆ మాట విన్నాక నాకు కోపం ఆ కుర్రాడి మీద రాలేదు, ఆ సున్నా మీద వచ్చింది. దాన్ని ఎవరూ కొలవలేదు, ఎవరూ రాయలేదు.

ఇలాంటి గళ్ళ సంగతి నాకు ముందు నేర్పింది మా తాత. ఆయన కరణం. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ పదవుల్ని రద్దు చేసేదాకా ఊరి దస్త్రం మా ఇంటి నడవలోనే ఉండేది. వేసవి సెలవుల్లో అడంగల్‌కు గీతలు గీసే పని నాది. సర్వే నంబరు, ఎకరాల్లో సెంట్లలో విస్తీర్ణం, శిస్తు, నీటి ఆధారం, వేసిన పైరు. పైరు లేనిచోట సున్నా చుడితే తాత ఒప్పుకునేవాడు కాదు. చెరువు నిండక దున్నకుండా వదిలేసిన మడికి "బీడు" అని రాయాలి. నాటాక నీళ్ళు చాలక పోయిన వరికి "ఎండిపోయినది" అని రాయాలి. రెండు మళ్ళల్లోనూ గింజ రాలలేదు. కానీ ఎండిన మాగాణికి శిస్తు వజా (మినహాయింపు) అడగాలంటే ఆ రైతుకు ఉన్న ఆధారం ఆ గడిలో మాటే. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అజమాయిషీకొచ్చి ఆ మాటను పట్టుకునే చేలో దిగేవాడు. జమాబందీలో వాదన జరిగేదీ దాని మీదే. గడిని ఖాళీగా వదలడాన్నీ తాత అంతే సహించేవాడు కాదు. ఖాళీ చూస్తే కరణం ఆ పొలానికి వెళ్ళలేదనుకుంటారు మరి.

కాబట్టి ఇన్నాళ్ళూ సున్నా కనబడాలని వాదించిన నేను, ఈ బిల్లులో సున్నాలు కనబడకపోవడం చాలదంటున్నాను. అవి పుట్టకూడదు. తెచ్చుకునే గడిలో ఇఫ్ పెట్టి, అక్కడ ఖాళీ అయితే ఇక్కడా రెండు కొటేషన్ గుర్తుల మధ్య ఏమీ లేకుండా ఉంచమన్నాను. అప్పుడు యావరేజ్ దాన్ని అంకెగా లెక్కించదు. అవ్వ సగటు 4.0కు చేరింది. అయితే ఆ ఉత్తి కొటేషన్లు ఎక్సెల్ దృష్టిలో అక్షరాలు. లీటర్లను ధరతో గుణించే గడి వెంటనే వాల్యూ తప్పు చూపింది. అందుకని అక్కడ ఇజ్‌నంబర్‌తో అడిగి, అంకె ఉంటేనే గుణించమన్నాం. మొత్తానికి సమ్ చాలు, అది అక్షరాల్ని దాటేస్తుంది. పదిరోజులూ పాలు పోయని ఇల్లొకటి ఉంది. అక్కడ సగటు సున్నాతో భాగహారం దగ్గర ఆగింది. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నాయేనని 628లో బ్రహ్మగుప్తుడు రాశాడు గానీ ఎక్సెల్ ఒప్పుకోదు. ఆ కుర్రాడు ఇఫ్‌ఎర్రర్ వేయబోతే వద్దన్నాను. అది అన్ని తప్పుల్నీ ఒకేలా కప్పేస్తుంది. కౌంట్ సున్నా అయితే ఖాళీ, లేకపోతే సగటు అంటే సరిపోతుంది.

అంతా అయ్యాక మా తాత పద్ధతే మిగిలింది. పూట షీట్‌లో ఖాళీ వదలకుండా ఆవు పాలివ్వడం మానేసి ఉంటే "వట్టి" అని, ఇంటివాళ్ళు రాకపోతే "రాలేదు" అని కొట్టమన్నాను. ఇఫ్ ఆ మాటను అలాగే బిల్లులోకి తెస్తుంది, యావరేజ్ దాన్ని తాకదు, రైతు చదువుకుంటాడు. నెలాఖరుకు కౌంటిఫ్‌తో "వట్టి" గళ్ళను లెక్కపెడితే ఎన్ని పూటలు ఆవులు వట్టిపోవడం వల్లే పోయాయో తేలుతుంది. పాల వ్యాను వచ్చే నెలకు ఎన్ని క్యాన్లు తేవాలో చూసుకోవడానికి, ఎవరింటికి పశువుల డాక్టర్ని పిలవాలో తెలుసుకోవడానికి ఆ కుర్రాడికి కావలసింది ఆ లెక్కే.